పోలండ్ పెళ్లికూతురికి మా అత్తగారి మల్లెపూలు

ఈ సాయంత్రం మా అత్తగారు ఒక పోలండ్ పెళ్లిని చక్కదిద్ది వచ్చారు.

పటమటలో పోలండ్ వాళ్ల జానపద నాట్యం ఉందంటే మా ఆయన, నేను, ఆవిడ వెళ్లాం. పెళ్లి నాట్యం మధ్యలో ఆడవాళ్లు పాడుతూ పెళ్లికూతురి తలమీది పూలకిరీటం తీసేసి కుళ్లాయి పెట్టారు. ఆ పిల్ల ఇల్లాలైందనడానికి అది గుర్తని మైకులో చెబుతూనే ఉన్నారు, ఆవిడ వింటేగా!

"అయ్యయ్యో! మొగుడు నిక్షేపంలా ఎదురుగా గెంతుతుంటే పిల్ల పూలు తీసేస్తారేంటర్రా?" అంటూ నా జడలోని మల్లెపూలు లాక్కుని, స్టేజీ ఎక్కి ఆ కుళ్లాయికి గుచ్చేశారు. అదీ ప్రోగ్రాములో భాగమే అనుకుని వాళ్లంతా ఆవిడ చుట్టూ గిరగిరా తిరిగారు. హాలంతా చప్పట్లు. మా ఆయన కూడా కొట్టారు.

మొగుడు నిక్షేపంలా పక్కనే ఉండగా బోసిజడతో రిక్షా ఎక్కింది మాత్రం నేను. నా తరఫున అడగడానికి మీలో ఏ అత్తగారైనా ఉన్నారా అండీ?