గుంజ పక్క చోటికి పోవాల

గత గురువారం పొద్దున కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, మా పక్కింటి పెదనాయన కన్నుమూశారు. ఆయన గురించి నిదానంగా, ఏడాది తిరిగాక రాయవచ్చు. కానీ ఆయన చేసిన చెక్క ఒకటి ఇప్పుడు ఎవరింట్లో ఉందో తెలియడం లేదు. అది ఇంకొకరికి త్వరగా కావాలి. అందుకే మన చర్చి సంఘ పత్రికలో ఈ నెలే రాస్తున్నాను.

పెదనాయన బంగారు గనిలో టింబర్ పని చేసినవారు. రాయి తొలిచిన చోట పైకప్పు కూలకుండా గుంజలు నిలబెట్టేవారు. గనులు మూతపడ్డాక ఆండర్సన్‌పేటలోనే తలుపులూ బల్లలూ బాగుచేస్తూ బతికారు. మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటిదాన్ని నేను. నా పుస్తకాల అర ఆయనే చేసిచ్చారు. "నింపేది నీ పనమ్మా. అర ఊగితే నన్ను పిలువు" అన్నారు. అర ఊగలేదు. నేను కంటి పరీక్షల చదువు చదివి ఆసుపత్రిలో చేరాను.

కొన్నేళ్ళ కిందట ఆయన ఎడమ కంటికి నల్లటి తెర అడ్డం పడింది. కంటి వెనక గోడకు అతుక్కుని ఉండాల్సిన రెటీనా ఊడిపోయింది. డాక్టరమ్మ ఆపరేషన్ చేసి, దాన్ని గోడకు ఆనించి, లేజర్‌తో అతికించి, కదలకుండా కంట్లో సిలికాన్ ఆయిల్ నింపారు. అది విని పెద్దమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది.

"పెండ్లయినకాడ్నుంచి తలకు నూనె పెట్టుకోమంటే వినలేదు గదా. ఇప్పుడు చూడు, కంట్లోకే పోసినారు!"

నూనె పైకి తేలుతుంది. మనిషి బోర్లా ఉంటే అది కంటి వెనక గోడ వైపు తేలి, రెటీనాను నొక్కి పెడుతుంది. అందుకని కొన్నాళ్ళు ముఖం కిందికే ఉంచాలన్నారు. పెదనాయన ఆపరేషన్‌కు ముందే ఒక చెక్కకు ముఖం పట్టేంత కంత కోసి, పెద్దమ్మ పాత చీర చుట్టి, మంచం తలాపున బిగించుకున్నారు. ఆ కంతలోంచి నేల చూస్తూ, వచ్చినవాళ్ళను కాళ్ళు చూసి గుర్తుపట్టేవారు.

"ఎవురప్పా? కాళ్ళు సుగటూరు బావ మాదిరి ఉండాయి. చెప్పులు మాత్రం నావే!"

నెలలు గడిచాక అసలు చిక్కు వచ్చింది. నేను ఆయన కన్ను పరీక్షిస్తుంటే నల్లగుడ్డు పై అంచున సన్నటి చుక్కలు మెరుస్తూ కనిపించాయి. ఆయిల్ చిన్న చిన్న బొట్లుగా చెదిరి కంటి ముందు భాగంలోకి వస్తోంది. ఆ మాట చెప్పాను.

"మెరుస్తా ఉండాయా? గనిలో అయిపోయిన బంగారం నా కంట్లో తేలిందేమో! ఎవురికీ చెప్పబాకమ్మా, మళ్ళా తవ్వేకి వస్తారు."

డాక్టరమ్మ నవ్వలేదు. కంటి ప్రెషర్ పెరుగుతోందనీ, ఇలాగే వదిలితే నరం దెబ్బతిని ఉన్న చూపూ పోతుందనీ, పోయింది తిరిగి రాదనీ చెప్పారు. ఆయిల్ తీసేయాలన్నారు. కొందరికి తీయకుండా ఉంచుతామనీ, తీశాక రెటీనా మళ్ళీ ఊడే భయం కొంత ఉందనీ కూడా దాచకుండా చెప్పారు.

పెదనాయన ఒప్పుకోలేదు. "నిలబెట్టిన గుంజను ఎవురన్నా తీస్తారా? తీస్తే కప్పు కూలతాది. కూలింది చూసినోణ్ణి నేను."

రోజూ సాయంత్రం చుక్కల మందు వేస్తూ బతిమాలాను. ప్రెషర్ దిగలేదు. ఒక సాయంత్రం ఊరికే అడిగాను.

"పెదనాయనా, నువ్వు పెట్టిన గుంజలన్నీ ఇంకా గనిలోనే ఉండాయా?"

"అన్నీ యాడుంటాయమ్మా? కొన్నిచోట్ల పక్కన రాతి గోడ కడతారు. గోడ బిగుసుకున్నాక గుంజ ఊడదీసి పక్క చోటికి తీసకపోతాము. మాను ఊరికే వస్తాదా?"

"నీ కంట్లో లేజర్‌తో అతికించినారే, అదే గోడ. బిగుసుకునింది."

పెద్దమ్మే వంటింట్లోంచి అందుకుంది. "ఇంగేముంది, నువ్వే చెప్పేసినావు గదా. చొక్కా మార్చుకో, పోదాం."

ఆయిల్ తీశారు. దానివల్ల ముదిరిన శుక్లమూ తీశారు. ప్రెషర్ దిగింది, రెటీనా నిలిచింది. చూపు మునుపటిలా రాలేదు. గీతలు కొంచెం వంకరగానే కనిపించేవి. టింబర్ మనిషికి అదెంత కష్టమో! "పాపా, ఇట్ల రా. తలుపు వంకరా, నా కన్ను వంకరా?" అని పిలిచేవారు. చాలాసార్లు తలుపే. గుడిలో మాత్రం కుడికన్ను మూసుకుని, బోర్డు మీది పాట నంబరు ఎడమకంటితో చదివి, అందరికన్నా ముందు గట్టిగా చెప్పేవారు. పాస్టరు అయ్యగారు కూడా నవ్వేవారు.

ఆయిల్ తీశాక చెక్కను ఆయన ఒక్కరోజు కూడా దాచుకోలేదు. "గోడ బిగుసుకునింది. ఇంగ గుంజ పక్క చోటికి పోవాల" అని అదే ఆపరేషన్ అయిన ఇంకొకరికి పంపేశారు. అక్కడినుంచి అది ఇల్లిల్లూ తిరుగుతోంది. వాడుకున్నవాళ్ళు పాత చీర విప్పకుండా, దానిమీద తమ చీర ఒకటి చుట్టి పంపుతున్నారట.

కామసముద్రంలో ఒకామెకు షుగర్ వల్ల రెటీనా ఊడింది. మట్టల ఆదివారం మరునాడు ఆపరేషన్. ఆయిల్ నింపుతారు. చెక్క మీ ఇంట్లో ఉంటే పై చీరల అంచులు కొంచెం పక్కకు తీసి చూడండి. అన్నిటికన్నా అడుగున, పసుపు మీద ఎర్రపూల చీర ఉంటే అదే. మట్టల ఆదివారంలోగా పెద్దమ్మకు గానీ నాకు గానీ కబురు పంపండి.