ఆమె మూయించుకున్న ఫోల్డర్

ఆర్మూర్‌లో కంప్యూటర్లు బాగుచేయడం నా పని. పాస్‌వర్డ్ మరిచిపోయామనో, ఫైలు రావడం లేదనో, వచ్చినవాళ్లందరూ నన్ను ఏదో ఒకటి తెరవమనే అడుగుతారు. మూయమని అడిగిన మనిషిని ఒక్కరినే చూశాను.

గల్ఫ్‌లో ఇరుక్కున్నవాళ్ల ఇంటివాళ్లకు సాయం చేసే చిన్న ఆఫీసు ఒకటి పసుపు మార్కెట్ దారిలో ఉంది. ముగ్గురు ఆడవాళ్లు ఫోన్లు ఎత్తుతారు. కంప్యూటర్‌లో ఒక్కో మనిషి కాగితాలకు ఒక్కో ఫోల్డర్, అన్నీ అందరికీ బార్లా తెరిచే ఉండేవి. ఒకరోజు ఎవరి చేయి జారిందో, ఒక ఫోల్డర్ పోయి ఇంకోదాంట్లో పడింది. పూటంతా వెతికాక నన్ను పిలిచారు. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరగడం మనకు మామూలే కదా, విసుక్కుంటూనే వెళ్లాను.

కంప్యూటర్‌లో ముగ్గురి పేర్లనూ ఒక గ్రూపుగా పెట్టాను. చదవొచ్చు, కొత్తవి చేర్చొచ్చు. చెరపడానికి, జరపడానికి లేదు. పని అయిపోయిందని సామాను సర్దుకుంటుంటే, మిగతా ఇద్దరూ చాయ్‌కి లేచాక, మెండోర నుంచి వచ్చే ఆమె నా దగ్గరికొచ్చింది.

"అన్నా, గీ ఒక్క ఫోల్డర్ నాకు కనవడకుండ చెయ్యరాదు."

"ఎవలది చెల్లె?"

"మా ఆయనది."

అతని దగ్గర్నుంచి ఫోన్ వచ్చి చాలాకాలమైందట. అక్కడ ఏ కూలీల క్యాంపులో ఉన్నాడో తెలియదు. వెతుకుతున్నది వీళ్ల ఆఫీసే. నాకు కోపమొచ్చింది. "నీ ఇంటాయన సంగతి నువ్వు సూడకుంటె ఎవలు సూస్తరు?" అనేశాను.

"వాళ్లిద్దరు సూస్తున్రు గద. నాకు కనవడితె పొద్దంత దాన్నే తెరుస్త. అవతల ఫోన్ మోగుతనే ఉంటది. గా ఫోన్ జేసేటామె గూడ నా లెక్కనే గదన్నా."

మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చున్నాను. గ్రూపుకు ఇచ్చిన అనుమతి అలాగే ఉంచి, ఆమె పేరు మీద మాత్రం 'వద్దు' అని పెట్టాను. నా పనిలో అలాంటి ఒక్క 'వద్దు' ముందు ఎన్ని 'సరే'లూ నిలవవు. ఫోల్డర్ పేరు కూడా కనిపించకుండా చేశాను. ఆమె కూర్చుని వరుసంతా చూసుకుంది, అది లేదు. అంతలో ఫోన్ మోగితే ఎత్తి, "చెప్పక్కా" అంది. చేతులెత్తి మొక్కాలనిపించింది నాకు. మొక్కలేదు, చాయ్ కూడా తాగకుండా వచ్చేశాను.

మక్కజొన్నలు ఎండబోసే రోజుల్లో ఆఫీసు నుంచి మళ్లీ పిలుపు. అతను దొరికాడు, దవాఖానలో ఉన్నాడు, కోలుకుంటున్నాడు, ఫొటో కూడా వచ్చిందని మిగతా ఇద్దరిలో ఒకామె చెప్పింది. "ఆమెకింక చెప్పలే. ఆమె కండ్లతోనే సూసుకోవాలె. జల్ది రా అన్నా." నేను వెళ్లేసరికి ఆమె ఎవరితోనో ఫోన్‌లో ఉంది. నా తొందర నాకు తెలిసిందే, ఆగలేక ఆ 'వద్దు' తీసేశాను.

అవతలామె కాగితాల కోసం ఆమె వరుస తెరిచింది. అందులో భర్త పేరు కనబడింది. కబురు మంచిదో చెడ్డదో ఆమెకు తెలియదు. నా వైపు చూసింది. నా కళ్లలో నీళ్లు నిండి ఉన్నాయి. ఒక్కసారి నవ్వి తల ఊపాలన్న బుద్ధి కూడా పుట్టలేదు నాకు. మౌస్ మీది ఆమె చేయి ఆ పేరు దాకా పోయి ఆగింది. ఆ చేతిని తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఇంటున్న అక్కా," అంది ఫోన్‌లో. "జర నిమ్మలంగ చెప్పు. మీ ఆయన ఆఖరికి ఎప్పుడు మాట్లాడిండు?"