తన్నే ఆవు గీతలు

మా మేనత్త వేంసూరు నుంచి ఎర్రావును తెచ్చుకున్న నెలలోపే, బూర్గంపాడు దగ్గరి మా వాడలో నాలుగు ఆవులకు పొదుగులు వాచాయి. పాలు విరిగినట్టు ముక్కలుగా పడేవి. కొత్త ఆవుకూ ఒక చన్ను గట్టిపడింది. ఇంకేం, తప్పంతా దానిదే అయింది.

"నీ ఆవొచ్చినంకనే గిట్లయింది. సంతకు తోలెయ్యక్కా," అంది ఎదురింటావిడ.

మేనత్త తన ఇష్టంతో కొనుక్కున్నది జీవితంలో ఆ ఒక్క ఆవునే.

తొంభైల మధ్య మాట ఇది. నేను హైదరాబాదులో పశువైద్యంలో పై చదువు చదువుతున్నాను. పొదుగువాపు తెచ్చే బాక్టీరియా జన్యువుల తీరు చూడడమే నా పని. పైకి ఒకేలా కనిపించే సూక్ష్మజీవులకూ లోపల వంశాలు వేరు. వాటి డీఎన్ఏ ముక్కలు జెల్ అనే పలుచని జిగురు పలక మీద గీతలుగా పడతాయి. గీతలు కలిస్తే ఒకే వంశం. ఆ గీతలను పుస్తకం చదివినంత ఇష్టంగా చదివేదాన్ని. నలుగురిలో నోరు తెరవడమే నాకు చేతకాదు.

సెలవుల్లో వచ్చి ఐదు ఆవుల పాలూ చిన్న సీసాల్లో పట్టాను. వాడలో పాలు పితికేది ఒక తాత. ఇత్తడి గిన్నెలో ఆముదం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవాడు. అందులోనే వేళ్లు ముంచి చన్నులకు రాసేవాడు. గిన్నె కడిగితే చేతి పట్టు పోతుందని ఆయన నమ్మకం. నూనె తగ్గితే పైన పోసేవాడంతే. "కనబడిందల్లా పట్టుకురా," అనే మా గురువుగారి మాట గుర్తొచ్చి, ఆ నూనెలోనూ ఒక దూది పుల్ల ముంచాను.

"ఆముదానికి కూడ జొరమొచ్చిందా మనవరాలా?" అని తాత నవ్వాడు.

మేనత్త ఆవు మాత్రం ఆయన్ని దగ్గరికి రానీయలేదు. రెండుసార్లు తన్నింది. మేనత్తే దాన్ని ఉత్త నీళ్లతో తడిపి పితుక్కునేది.

"తన్నేటిదాంట్ల మంచి గుణముంటదా?" అనేవాడు తాత.

నెల రోజులు ఆగమని మేనత్త అందరినీ బతిమాలింది. ఆ తరువాత సంతే.

ల్యాబులో దీపం వెయ్యగానే గీతలు నారింజ రంగులో మెరిశాయి. నాలుగు ఆవులవీ ఒకే తీరు. మేనత్త ఆవుది పూర్తిగా వేరు. చివరి వరసలోని గిన్నె నూనె ఆ నాలుగింటితో అచ్చంగా కలిసింది. ఒక్కదాన్నే చప్పట్లు కొట్టి, ఎవరైనా విన్నారేమోనని తలుపు వైపు చూశాను.

సంతకు ముందురోజు ఊళ్లో దిగాను. తాత నొచ్చుకోకుండా ఎలా చెప్పాలో బస్సులో డైరీలో మూడు రకాలుగా రాసుకున్నాను. తీరా పాలు పితికే వేళ అందరూ వాకిట్లో చేరాక ఒక్క మాటా గుర్తు రాలేదు. గీతల ఫొటో తాత చేతిలో పెట్టాను.

"ఇయ్యేంది, నిచ్చెనలా?"

"పాలల్ల పురుగు గుర్తులు తాతా. ఈ నాలుగు ఒక్క తీరుగున్నయ్. అత్త ఆవుది వేరే. వీటికి దాన్నుంచి రాలే. ఇంకోటుంది, గిది..."

"ఎవరిది?"

"నీ గిన్నెది."

తాత ఫొటోను వెలుతురుకు పట్టి, ఒక్కో మెట్టునూ గోటితో పోల్చి చూశాడు.

"అవ్, ఒక్కటే ఉన్నయ్. దీని రోగం దానికి నేనే మోసిన్నా బిడ్డా?"

"నువ్వు కాదు తాతా, ఆముదం."

"గందుకా అది నన్ను తన్నింది! నాకంటె దానికే తెలివెక్కువుంది."

ఎదురింటావిడ పకపకా నవ్వింది. "అక్కా, సంతకు తోలకు. మా ఆవులకు కూడ తన్నుడు నేర్పియ్యి!"

తాత ఆముదమంతా మా తలుపు బందులకు పోసి, గిన్నెను బూడిదతో తళతళా తోమాడు. పశువుల దవాఖానా డాక్టరు వచ్చి ఐదింటికీ సూదులేశాడు. మరుసటి రోజు నుంచి ప్రతి ఇంటి ముందూ ఒక బకెట్టు నీళ్లు, సబ్బు బిళ్ల. "పెండ్లికొడుకును చేస్తున్రు నన్ను," అని గొణుగుతూనే తాత ఆవు ఆవుకూ చేతులు కడిగేవాడు.

కడిగిన చేతులతో ఒకరోజు ధైర్యంగా ఎర్రావు దగ్గరికి వెళ్లాడు. మళ్లీ తన్నింది. మేనత్త నవ్వు ఆపుకోలేక కొట్టంలోనే చతికిలపడింది.