సున్నా దగ్గర నిలబడ్డ ఎద్దులు

కన్నతండ్రి ఎద్దుల జతను, ఊరంతా చూస్తుండగా, ఒక్క అంకె మార్చి మాయం చేసిన ఘనుడు మీకెక్కడైనా తారసపడ్డాడా? ఇదిగో, మీ ముందే ఉన్నాను. సిగ్గుపడాల్సిన సంగతే. అయినా చెప్పేటప్పుడు ఇప్పటికీ నా ఛాతీ కాస్త ఉబ్బుతుంది.

రాష్ట్రం విడిపోయిన కొత్త. మార్కాపురంలో పైథాన్ అనే కంప్యూటర్ భాష నేర్చుకుని, లోకంలో నాకు తెలియనిది లేదన్నట్టు తిరుగుతున్న రోజులు. పెద్దారవీడు పక్కన మా ఊళ్లో తిరునాళ్లకు బండలాగుడు పోటీ పెట్టారు. ఏ జత ఎప్పుడు లాగాలో తేల్చడానికి చీటీలు తీయడం ఆనవాయితీ.

"ఇంకా చీటీలేంది మామా! పేర్లన్నీ కంప్యూటర్‌లో వేస్తే అదే కలిపేసి, ఒక్కొక్కటే పిలుస్తాది" అని కమిటీ పెద్ద మస్తాన్ మామను ఒప్పించాను. బట్టల దుకాణం ఆయన వృత్తి, మైకు ఆయన ప్రాణం.

మా నాయన పోటీకి దిగడం అదే మొదలు. తాను తిన్నా తినకపోయినా ఎద్దులకు ఉలవలు తప్పనివ్వలేదు. "మావోడి కంప్యూటరే పిలుస్తాది" అని దారినపోయేవాళ్లను ఆపి మరీ చెప్పుకున్నాడు.

పోటీ రోజు పొద్దున మామకు మచ్చు చూపించాను. తెరమీద మొదటి పేరు పక్కన సున్నా పడింది.

"సున్నా ఏంది అల్లుడూ?"

"జాబితాలో మొదటిదాన్ని కంప్యూటర్ సున్నా అంటాది మామా. రెండోదాన్ని ఒకటి అంటాది."

"శుభమా అని పోటీ పెట్టుకుని సున్నాతో మొదలుపెడతావా? ఒకటి నుంచి పెట్టు."

"అదెంత పని!" అని సున్నా చెరిపి ఒకటి పెట్టేశాను. మీకు అర్థమైందా? నాకు కాలేదు. నేను మార్చింది అంకెనే అనుకున్నాను. కంప్యూటరేమో మొదటి పేరును వదిలేసి రెండోదాని నుంచి తీయడం మొదలుపెట్టింది.

నేను మీట నొక్కడం, పేరు రావడం, మామ మైకులో అరవడం. నా కుర్చీ చుట్టూ జనం. అవతల నాయన ప్రతి పిలుపుకూ ఎద్దుల మెడలు నిమిరి "ఈసారి మనమే" అంటున్నాడు. చివరికి తెరమీద 'అయిపోయింది' అని వచ్చింది. మామ పోటీ ముగిసిందని ప్రకటించేశాడు.

నాయన ఎద్దుల్ని తోలుకుని, కాడితో సహా, నేరుగా షామియానాలోకి వచ్చాడు. కుర్చీలు చెల్లాచెదురయ్యాయి.

"మా పేరేదిరా?"

గబగబా జాబితా మొత్తం తెరమీదికి తెచ్చాను. "ఉండాది నాయనా! అందరికంటే ముందుండాది!"

"ముందుంటే పిలవలేదేంది?"

"అది... నీది సున్నా..."

"ఎవుర్రా సున్నా?"

చర్నాకోల పైకి లేచింది. సరిగ్గా అప్పుడే, దేవుడి దయ, నాకు మా కళ్లం గుర్తొచ్చింది.

"నాయనా, కొర్రలు కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అంటావా?"

"ఎట్లంటా? లాభం అంటా. లాభం, రెండు, మూడు."

"మనం లాభం అనేదాన్నే అది సున్నా అంటాది. మామ వద్దన్నాడని ఆ లాభాన్నే నేను వదిలేసినా."

చర్నాకోల దిగింది. మామ మైకు అందుకున్నాడు. "ఆగండయ్యో! మొదటి జత ఇంకా ఉండాది! లాభం జత రావాల!"

జనం ఈలలు. నాయన ఎద్దులు బండను ఎట్లా లాగాయంటే, నా కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండో స్థానం వచ్చింది.

ఇంటికి వస్తుంటే ఎవరో అడిగారు. "ఎన్నో స్థానం పెద్దాయనా?"

"ఒకటి" అన్నాడు నాయన.

"మైకులో రెండు అన్నారే?"

"అది మీ లెక్క. కంప్యూటర్ లెక్కలో రెండోదాన్ని ఒకటే అంటారు. అడుగు, మావోడు ఈడే ఉండాడు."

నేను గంభీరంగా తలూపాను.

ఆ సాయంత్రమే ఎద్దు కొమ్ము పట్టుకుని ఒట్టు వేశాను. ఎంతటి మామ చెప్పినా ఇక సున్నా జోలికి పోను. అక్కడ ఎవరి నాయన కాడి కట్టుకుని ఎదురుచూస్తున్నాడో మనకేం తెలుసు!