మీ అమ్మను ఎక్కించినావా?

జమ్మలమడుగులో జయపాల్ సారుకు ఒకటే జబ్బు. అమ్మేవాడి ఇంటివాళ్ళు వాడందే ఏ వస్తువునూ ఆయన ముట్టడు. బడిలో ఉన్నన్నాళ్ళూ పిల్లల్ని రకరకాల ప్రశ్నలు అడిగిన మనిషి, రిటైరయ్యాక లోకమంతటినీ ఒకే ప్రశ్న అడగడం మొదలుపెట్టాడు.

ప్రొద్దుటూరు హోటల్లో కారం దోశ రాగానే అది వేసిన వంట మాస్టరును పిలిపించాడు.

"అప్పా, ఇది మీ అమ్మకు పెట్టినావా?"

"మా అమ్మ పల్లెలో ఉండాది సార్."

"అయితే నేనేం పాపం చేసినా?"

దోశ చల్లారుతుంటే పక్కనున్న భార్య దేవకుమారి తన దోశ తినేసి, ఆయనదీ తినేసింది. ఈ కాపురంలో ఆమెకు దక్కిన లాభం అదొక్కటే.

ముద్దనూరు స్టేషనుకు పోవాల్సిన రోజు ఆటో అతన్ని నిలదీశాడు. "మీ ఆవిడను దీంట్లో ఎప్పుడన్నా తిప్పినావా?"

"తిప్పింటే నాతో కాపురం చేస్తాండునా సార్?"

రైలు వెళ్ళిపోయింది.

పన్ను పోటెక్కినప్పుడు కుర్చీలో పడుకుని, నోరు తెరవమంటే ప్రశ్నకే తెరిచాడు. "మీ మామ పన్ను పీకినారా డాక్టరుగారూ?"

"ఇంకా అవకాశం రాలేదండీ," అన్నాడు డాక్టరు, కాస్త ఆశగా. సారు వాచిన బుగ్గతోనే ఇల్లు చేరాడు.

అలాంటి మనిషిని దేవకుమారి రోప్‌వే ఎక్కుదాం రమ్మంది.

మైలవరం పక్కన ఒక కొండకు కట్టిన ఆ రోప్‌వేకూ ఒక జబ్బుంది. సగం దారిలో ఆగి ఆలోచిస్తుంది. పైకి పోవాలా, కిందికి రావాలా, అసలు ఈ లోకంలో కదలడం అంత అవసరమా అని. మొన్న పైన చిక్కుకున్నవాళ్ళు కాపాడమని చేతులూపితే, టాటా చెబుతున్నారనుకుని కింద జనం కూడా చేతులూపారు.

అయినా దేవకుమారికి ఎక్కాలనే ఉంది. ఆమె పుట్టిన పల్లె రిజర్వాయరులో మునిగిపోయింది. ఎండలు ముదిరి నీళ్ళు తగ్గినప్పుడు పాత చర్చి గోడ, ఈతకు దిగిన పిల్లలా, భుజాల దాకా పైకి లేస్తుంది. అది కొండ మీదినుంచే కనిపిస్తుంది. మెట్లెక్కుదామంటే మోకాళ్ళు ఒప్పుకోవు. అప్పుడే మబ్బులు పడుతున్నాయి. ఒక్క పెద్ద వాన చాలు, ఈ ఏటికి గోడ లేనట్టే.

"ఆగిపోతే?" అన్నాడు సారు.

"మీతో బయల్దేరిన పని ఏది ఆగలేదు గనక?"

సారు పోయి టికెట్లు కొన్నాడు. ఇద్దరు పట్టే పసుపు డబ్బా ఎదురుగా వచ్చి నిలిచింది. దేవకుమారి కాలు ఎత్తింది. సారు చేయి అడ్డం పెట్టి, మిషను నడిపే మొయిన్ వైపు తిరిగాడు.

"మొయినూ, దీంట్లో మీ అమ్మను ఎక్కించినావా?"

"లేదు సార్."

"యాడుంటాది?"

మొయిన్ నసిగాడు. "ఆడనే సార్. మజ్జిగ అమ్ముతాంది."

వేపచెట్టు కింద కుండ ముందు ఖమర్‌బీ కూచుని ఉంది. పైకి పోయే డబ్బాలతోపాటు ఆమె మెడ కూడా పొద్దుతిరుగుడు పువ్వులా తిరుగుతోంది.

"పిలిస్తే పలికే దూరంలో ఉండాది! మరెందుకు ఎక్కియ్యలేదప్పా? మా ఆవిడైతే నడిమధ్యలో ఏలాడొచ్చు, మీ అమ్మ ఏలాడకూడదా?"

"అట్ల కాదు సార్... ఆమె ఎప్పుడూ అడగలే."

"మీ అమ్మ ఎక్కితేనే మా ఆవిడ ఎక్కేది."

క్యూలో గోల లేచింది. "ఓ సారూ, నువ్వన్నా ఎక్కు, మమ్మల్నన్నా ఎక్కనీ!" "ఏంది మామా, రోప్‌వేకు పెండ్లిచూపులా?" దేవకుమారి సిగ్గుతో తల దించుకుంది. తలెత్తితే మబ్బు ఇంకాస్త దగ్గరగా ఉంది. ఏడుపొచ్చింది.

మొయిన్‌కు రోషమొచ్చింది. "అమ్మీ! రా ఈడికి!"

"కుండ ఎవరు చూస్తార్రా?"

"నేను చూస్తా," అన్నాడు సారు. ఇంత తొందరగా ఆయన దేనికీ ఒప్పుకున్నది లేదు. "నా టికెట్టు మీదే. కూచోండమ్మా."

ఆయన భయపడి తప్పించుకున్నాడనే దేవకుమారి అనుకుంది. పళ్ళు కొరుకుతూ కూచుంది. డబ్బా లేచింది.

"మీ సారు పోయిన వారమే వచ్చినాడక్కా," అంది ఖమర్‌బీ, చెంగు సర్దుకుంటూ. "మీ ఇంట్లో తాగుతారా అని సతాయించి సతాయించి మజ్జిగ తాగినాడు. మా ఆవిడ మోకాళ్ళు మంచివి కాదమ్మా, ఇది ఆగితే పడతాదా అన్నాడు. ఆగుతాది గానీ పడదు, నా కొడుకు చేయి మంచిదని నేనన్నా. నువ్వు పోయినావా పైకి అన్నాడు. వాడు పిలిస్తే కదా అన్నా. అంతే, గ్లాసు ఆడ పెట్టి వెళ్ళిపోయినాడు."

దేవకుమారి కిందికి చూసింది. వేపచెట్టు కింద ఆయన గ్లాసులోకన్నా నేలమీదే ఎక్కువ మజ్జిగ పోస్తున్నాడు.

డబ్బా ఒక్క కుదుపు కుదిపి, ఆగింది.

మబ్బుల సందులోంచి పడే ఎండలో రిజర్వాయరు పళ్ళెంలా మెరుస్తోంది. మధ్యలో చర్చి గోడ. దానిమీద కొంగలు, ఆదివారం కూడికకు ముందే వచ్చేసినట్టు.

"అదిగో, మా పల్లె!" అంది దేవకుమారి.

"అల్లా! ఆ రేకుల గూడేనా మా ఇల్లు?" అంది ఖమర్‌బీ. "అంతే ఉండాదా! దాంట్లో ఒక మూలకోసమా నేనూ నా కోడలూ ఇన్నేండ్లు కొట్లాడింది?"

ఇద్దరూ నవ్విన నవ్వుకు డబ్బా ఊగింది. కింద జయపాల్ సారు చేతిలో గరిటెతో పరుగెత్తుకొచ్చాడు.

"దేవమ్మా! భయపడొద్దు! బాగుచేస్తాండారు!"

దేవకుమారి కిటికీలోంచి తల బయటపెట్టింది. ఆమె నోరు తెరిచేలోగా పక్కనుంచి ఖమర్‌బీ గొంతు కొండంతా మోగింది.

"ఒరే మొయినూ! మేం చెప్పేదాకా ఆ మిషను ముట్టుకున్నావంటే చేతులిరగ్గొడతా!"