గడప మీదుగా నిమ్మకాయ

రెండేళ్ళప్పుడు మా వాడు రుబ్బురోలు మీదికెక్కి దూకి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆ రోజుల్లో తిరుపతిలో ఎవరికి ఎముక విరిగినా ఇంకో మాట లేదు, పుత్తూరు బస్సెక్కాల్సిందే. మేమూ ఎక్కాం. అక్కడ కట్టు కట్టే పెద్దాయన వాడి మోకాలి కింద వేళ్ళతో తడిమి, ఆకుపసరు, మినప్పిండి, కోడిగుడ్డు సొన కలిపి పూసి, వెదురు బద్దలు పెట్టి గుడ్డతో బిగించాడు.

"కాలు నేలకు ఆనిచ్చినారంటే వంకర పోతాది. నేను కట్టు తీసేదాకా కూర్చోబెట్టే ఆడించండి" అన్నాడు.

రెండేళ్ళవాణ్ణి కూర్చోబెట్టి ఆడించడమట! కోతిని పట్టుకొచ్చి తపస్సు చేయించమన్నట్టుంది.

అసలు చిక్కు కోడిగుడ్డుతో వచ్చింది. మా మామగారు వీధి చివరి కోవెల్లో అర్చకులు. ఉల్లిపాయ కూడా లోపలికి రాని ఇల్లు మాది. అలాంటి ఇంట్లోకి గుడ్డు వచ్చింది, అదీ మనవడి కాలికి అంటుకుని! ఆయన వద్దనలేదు. "బిడ్డ కాలు ముఖ్యం గదమ్మా. పక్క గదిలో పెట్టుకోండి" అన్నారు. ఆ రోజు నుంచి మాత్రం ఆయన ఆ గదిలో అడుగుపెట్టలేదు. వాణ్ణి ముట్టుకోలేదు.

"తాకినాక స్నానం చేస్తే సరిపోదా మామయ్యా?" అని అడిగాను.

"స్వామిని ముట్టుకునే చేతులమ్మా ఇవి. అది స్నానంతో పోయే మైల కాదు."

అంతకు ముందు వాడు ఆయన భుజం దిగితే ఒట్టు. సాయంత్రమయ్యేసరికి రెండు చేతులూ పైకెత్తి "తాతా, ఎత్తు!" అనేవాడు, ఆయన ఎత్తుకుని కోవెలకు బయల్దేరేవారు. ఇప్పుడూ అలాగే చేతులెత్తేవాడు. ఆయన గడప అవతలే ఆగిపోయి, "కట్టు ఇప్పనీ నాయనా, ఊరంతా తిప్పుతా" అనేవారు. రెండేళ్ళవాడికి కట్టేమిటి, మడేమిటి? ఏడ్చేవాడు. నేను మా ఆయన మీద విరుచుకుపడేదాన్ని. "నాయన అంతేలే" అనేసి ఆయన ఆఫీసుకు పోయేవాడు.

ఆడించింది మాత్రం మామగారే, అది ఒప్పుకోవాలి. గడప అవతల బాసింపట్టు వేసుకుని కూర్చునేవారు. ఇంట్లో కొన్న బొమ్మ ఒక్కటీ లేదు. కొబ్బరి చిప్పలు రెండు పట్టుకుని గుర్రం నడిపించేవారు. ఇత్తడి గిన్నె బోర్లించి గరిటెతో దరువేసేవారు. చేట అడ్డం పెట్టుకుని, "తాత యాడ? తాత యాడుండాడు?" అని, టక్కున మొహం చూపించేవారు. మంత్రం తప్ప గట్టిగా మాట పలకని మనిషి! వాడు కిలకిలా నవ్వేవాడు.

అన్నింటికన్నా వాడికి నచ్చింది నిమ్మకాయ. ఆయన దొర్లిస్తే, నడిమికి అరిగిపోయిన గడప ఎక్కి దిగి వాడి దాకా వచ్చేది. గోడకానుకుని కాలు చాపుకున్న వాడు మళ్ళీ ఆయనకు దొర్లించేవాడు.

"నిమ్మకాయకు మైల అంటదా మామయ్యా?" అన్నాను ఒకసారి, నోరు ఊరుకోక.

"కాయకూ పండుకూ దోషం లేదులేమ్మా" అని నవ్వేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఒక మధ్యాహ్నం వీధి కొళాయికి నీళ్ళు వచ్చాయంటే బిందె తీసుకుని వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి వాడు చేతులు చాపి గుక్కపట్టి ఏడుస్తున్నాడు. మామగారు గడప దగ్గర నిలబడి ఉన్నారు. కాళ్ళు ఇవతలే ఉన్నాయి కానీ, రెండు చేతులూ గదిలోకి సాగి ఉన్నాయి. నన్ను చూసి చప్పున వెనక్కి తీసుకుని, కండువా సర్దుకుని, కూర్చుని గిన్నె మీద దరువు మొదలుపెట్టారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు చూశాను. బిందె దించుకున్నాను.

ఆ తర్వాత వాడు చేతులెత్తడం మానేశాడు. ఏడుపు తగ్గిందని, అమ్మయ్య అనుకున్నాం.

చివరికి పుత్తూరులో కట్టు తీసేశారు. కాలు చక్కగా అతుక్కుంది. ఇంటికొచ్చి వాడికి సున్నిపిండితో నలుగుపెట్టి తలంటి పోశాను. గదంతా కడిగాను. మామగారు కోవెల నుంచి ఆదరాబాదరా వచ్చారు. ఇన్నాళ్ళకు గడప దాటి లోపలికి వచ్చి, వాడి ముందు మోకాళ్ళ మీద కూర్చుని చేతులు చాపారు.

"రా నాయనా! తాత ఎత్తుకుంటాడు, రా!"

వాడు ఆయన్ని ఎగాదిగా చూశాడు. జరుగుతూ జరుగుతూ గోడ దాకా పోయి, కట్టు లేని కాలుని బిర్రుగా ముందుకు చాపుకుని, నిమ్మకాయ అందుకున్నాడు. వేలు గడప అవతలికి చూపించాడు.

"తాతా, ఆడ!"

"ఈడికే వచ్చినాను గదా నాయనా" అన్నారు.

"ఆడ! ఆడ!" వాడు ఏడుపు లంకించుకున్నాడు.

నా కోపమంతా ఆ క్షణంలో పోయింది. పోయి ఏం లాభం? "పసివాడు మామయ్యా, రెండ్రోజుల్లో సర్దుకుంటాడు" అన్నాను. సర్దుకున్నాడు కూడా. ఎత్తుకుంటే ఊరుకునేవాడు, కోవెలకూ వెళ్ళేవాడు. తనంతట తాను మాత్రం ఆయన వైపు ఇంకెప్పుడూ చేతులెత్తలేదు. ఆయన పోయేదాకా ఆ మాట మా ఇంట్లో ఎవరమూ ఎత్తలేదు.

కట్టు తీసిన ఆ సాయంత్రం మామగారు మెల్లగా లేచి, గడప దాటి అవతలికి వెళ్ళి, తన చోట తాను కూర్చున్నారు. వాడు ఏడుపు ఆపి నిమ్మకాయ దొర్లించాడు.