పనయ్యేదాకా వరస వద్దు

మా నాన్నకి అక్కచెల్లెళ్ళు లేరు. బొబ్బిలి బజారులో ఆయన కిరాణా కొట్టుకి వచ్చేవాళ్ళకి ఇది పట్టించుకోవలసిన సంగతి కాదు గాని, మా ఇంటి గోడలూ గచ్చులూ తూములూ అన్నీ ఈ ఒక్క లోటు వల్లే అలా తయారయ్యాయి. అమ్మకి అన్నదమ్ములు లేరు. అందుచేత నాన్నని 'మావా' అని పిలిచే హక్కున్న మనిషి ఎటువైపు నుంచీ పుట్టలేదు. నా పెళ్ళయ్యాక మా ఆయన పిలిచేవారు, నిజమే. కాని ఆయనది 'మావయ్యగారండీ' అనే పిలుపు. బ్యాంకు మనిషి కదా, సంతకం పెట్టించుకోవడానికి వచ్చినట్టుండేది. నాన్నకి కావలసింది అది కాదు. వీధి మలుపులోనే 'మావా' అని ఒక కేక వేసి, చెప్పులు ఎక్కడో విడిచి, తిన్నగా వంటింట్లోకి వచ్చి ఏం వండారని అడిగే మేనల్లుడు కావాలి. పక్కింటి వాళ్ళకి అలాంటి వాళ్ళు నలుగురైదుగురు ఉండేవారు. వాళ్ళు వచ్చినప్పుడల్లా నాన్న మా అరుగు మీదికి వచ్చి ఊరికే నిలబడేవాడు.

మా వైపు ఇద్దరు కలిస్తే ముందు వరస కలుపుకుంటారు. ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడిగి, ఆ వెంటనే బావో మావో అయిపోతారు. కులం అడ్డు రాదు, చుట్టరికం ఉండక్కర్లేదు. ఆ తీపి నాకూ ఇష్టమే. ఇప్పుడు ఏ ఊళ్ళో చూసినా సార్, మేడమ్ అనే పిలుపులు వింటుంటే ఆ రోజులకి ప్రాణం కొట్టుకుంటుంది. కాని కొట్టు ముందు నిలబడి మావా అన్నవాడికి నాన్న తూకంలో కాస్త మొగ్గు వేసేవాడు. ఇంటి పనికి వచ్చి మావా అన్నవాడికి ఇల్లే ఒప్పజెప్పేవాడు.

అలా ఒప్పజెప్పి కట్టించుకున్నదే మా పెరటి స్నానాల గది. దాన్ని కట్టిన మేస్త్రి వచ్చిన రోజే వరస కలిపాడు. నీటి వాటం తూము వైపు పెట్టవలసింది గుమ్మం వైపు పెట్టాడు. పోసుకున్న నీళ్ళన్నీ పెరట్లోకి వచ్చి నిలిచేవి. ఏడాది పొడుగునా పాకుడు. అమ్మ చీపురు పుచ్చుకుని ఆ పాకుడు గీకుతూ మేస్త్రిని తిట్టేది. నాన్న మాత్రం దసరాకి వాడిని పిలిచి కొత్త పంచె పెట్టేవాడు. ఆ వాటం సంగతి అడగరేమని నేను దెబ్బలాడితే, మావా అన్నవాడిని ఏమని అడుగుతానే అనేవాడు.

రెండు వేల పది దాటిన తరవాత ఒక ఎండాకాలంలో ఆ పాకుడు మీదే అమ్మ జారి పడింది. మణికట్టు విరిగింది. చెయ్యి అతుక్కుంటుంది గాని, ఈసారి పడితే తుంటి విరుగుతుందని, ఆ తరవాత మంచం దిగడం ఉండదని డాక్టరు నాన్నకి చెప్పాడు. నాన్న ఆ రోజు కొట్టు తియ్యలేదు. వంటింటి పక్కన సరుకులు పెట్టుకునే గది ఉండేది. దాన్ని ఖాళీ చేసి స్నానాల గదిగా మార్చి, వానలు పట్టేలోగా అమ్మకి పెరట్లో అడుగు పెట్టే పని లేకుండా చెయ్యాలని అందరం అనుకున్నాం. నేను అదే ఊళ్ళో, రెండు వీధుల అవతల ఉంటాను. బళ్ళో పాఠాలు చెప్పడం నా ఉద్యోగం, పుట్టింట్లో తగువులు తీర్చడం నా కాలక్షేపం.

పని ఎవరికివ్వాలన్న మాట రాగానే అమ్మ చేతికట్టుతోనే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఎవడైనా మావా అన్నాడంటే మీకు ఇంకేటీ కనపడదు. ఈసారి వరస కలిపినోడికి మనింట్లో పని నేదు."

నాన్న తల ఊపాడు. మర్నాడే ఒకాయన మోటారుసైకిలు మీద దిగి, బండి స్టాండు వేస్తూనే "ఏటి మావా, బాగున్నావా" అన్నాడు. నాన్న మొహం వెలిగిపోయింది. కొట్లోంచి జీడిపప్పు తెప్పించాడు. ఆ మనిషి ఫోను మీద వేలితో తోసుకుంటూ తాను కట్టిన ఇళ్ళన్నీ చూపించాడు. నీళ్ళ గొట్టం గోడలోంచి తీసుకెళ్ళాలంటే అయిపోద్ది మావా అన్నాడు. వానలకి ముందే కావాలంటే అదీ అయిపోద్ది మావా అన్నాడు. ఇంటిని ఎత్తుకెళ్ళి చెరువు అవతల పెట్టమన్నా అయిపోయేదే. నాన్న మా వైపు జాలిగా చూశాడు, ఏదైనా అనండి అన్నట్టు. అమ్మ ఆ ఫోనులో ఉన్న ఇళ్ళు ఎక్కడున్నాయో మాత్రం అడిగి తెలుసుకుంది.

ఆ వారమంతా అమ్మా నేనూ ఊళ్ళో ఇళ్ళ వెంట తిరిగాం. అమ్మకి ఒక పద్ధతి ఉండేది. ఎవరింటికైనా వెళ్ళి, ఎండలో వచ్చాం, కాస్త కాళ్ళు కడుక్కుంటామని చెంబుడు నీళ్ళు అడిగేది. స్నానాల గదిలోకి వెళ్ళి కాళ్ళ మీద రెండు చుక్కలు పోసుకుని, మిగతా నీళ్ళు గచ్చు మీద ఒంపేది. నీళ్ళు ఎటు పోతున్నాయో తల వంచి చూసేది. ఫోను ఆయన కట్టిన ఇంట్లో నీళ్ళు తూము వైపు కొంచెం వెళ్ళి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగి వంటింట్లోకి వచ్చాయి. ఆ ఇంటావిడ గుడ్డ పట్టుకుని పరుగెత్తింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. అమ్మ మాత్రం నిమ్మళంగా మజ్జిగ తాగి లేచింది.

చివరికి మా బళ్ళో లెక్కలు చెప్పే మేష్టారి ఇంట్లో, ఒంపిన నీళ్ళు ఒంపినట్టే తూములోకి దిగిపోయాయి. అమ్మ ఇంకో చెంబు అడిగి అదీ ఒంపింది. ఇది ఎవరు కట్టారని అడిగింది.

అలా వచ్చాడు ఆ కాంట్రాక్టరు, పార్వతీపురం వైపు మనిషి. నలభై ఏళ్ళుంటాయి, నవ్వడం తక్కువ. వస్తూనే చెప్పులు బయట విడిచి, నాన్నని సావుకారు గారూ అన్నాడు. గది చూశాడు, గోడ కొట్టి చూశాడు, గొట్టం గోడలోంచి అవ్వదని, తూము కోసం గచ్చు తవ్వాల్సిందేనని చెప్పాడు. నాన్నకి ఆ 'అవ్వదు' కన్నా 'సావుకారు గారూ' ఎక్కువ గుచ్చుకుంది. పని మొదలయ్యాక టీ గ్లాసు పట్టుకుని వెళ్ళి అతని పక్కన కూర్చునేవాడు. మీకు మేనమామలున్నారా అని ఒకసారి అడిగాడు. ఉన్నారు సావుకారు గారూ, ముగ్గురు, అని అతను ఇసక జల్లిస్తూ జవాబిచ్చాడు. నేను నవ్వాపుకోలేక లోపలికి పోయాను గాని, ఆ పూటంతా నాన్న మీద జాలిగానే ఉంది.

పలకలు పరిచిన మర్నాడు అమ్మ చెంబుతో వచ్చింది. నీళ్ళు తూములోకి బాగానే పోయాయి. ఒక మూల మాత్రం అరచేతి మేర నిలిచిపోయాయి. అమ్మ వేలు పెట్టి చూపించి, ఇదేటి అంది. ఆ చిన్న మాటకి నాన్న గాభరా పడిపోయి, పోనీలే, ఆ మాత్రం గుడ్డ పెట్టి తుడుచుకుంటాం, మా మేనల్లుడి లాంటి మనిషి, అన్నాడు. కాంట్రాక్టరు తాపీ కింద పెట్టి నాన్న వైపు తిరిగాడు.

"పనయ్యేదాకా వరసొద్దు సావుకారు గారూ. వరస కలిపేస్తే, పని సెడిపోతే మీరు నన్నేటనగలరు? ఆ తల్లి మళ్ళీ పడితే నేనేటి సెప్పుకోగలను?"

నాన్న కొట్టుకి వెళ్ళిపోయాడు. ఆ మూల పలకలన్నీ ఊడబీకి, మళ్ళీ పరిచి, అతనే చెంబు తెచ్చి అమ్మ చేతికిచ్చాడు. అమ్మ నీళ్ళు ఒంపింది. ఈసారి చుక్క నిలవలేదు. అంత గట్టి మనిషి అమ్మ కళ్ళల్లో నీళ్ళు నేను చూసింది అప్పుడే.

వానలు ఇంకా పట్టలేదు. పని పూర్తయి, సామాన్లన్నీ బండికెక్కించి, కాంట్రాక్టరు చేతులు కడుక్కుని గుమ్మం దాకా వెళ్ళాడు. నాన్న అరుగు మీద నిలబడి ఉన్నాడు, ఎప్పుడూ పక్కింటి మేనల్లుళ్ళని చూస్తూ నిలబడేచోటే. అతను చెప్పుల్లో కాళ్ళు పెట్టి, వెనక్కి తిరిగి, "ఎల్లొస్తాను మావా" అన్నాడు.

నాన్న లోపలికి వెళ్ళి, తనకోసం కొనుక్కుని వేసుకోకుండా దాచుకున్న పొందూరు ఖద్దరు కండువా తెచ్చి అతని భుజం మీద వేశాడు. వంటింట్లోంచి అమ్మ, అత్తింటికొచ్చి అన్నం తినకుండా ఎక్కడికి ఎల్తావు, సెప్పులిప్పు, అంది. ఆ పూట మేనల్లుడికి చేపల పులుసు పెట్టలేకపోయానని నాన్న నొచ్చుకున్న తీరు చూడాలి. మా ఇంట్లో చేపలు ఎప్పుడూ వండింది లేదు.

అప్పటినుంచి పార్వతీపురం బస్సు దిగిన ప్రతిసారీ అతను మా వీధి మలుపులో కేక వేసేవాడు. కొన్నేళ్ళు ఆ కేక విన్నాడు నాన్న. అవి ఆయన బతుకులో బంగారం లాంటి రోజులు. ఆ గదిలో అమ్మ మళ్ళీ జారలేదు.

నాన్న పోయిన రోజున అతను ఆ కండువాతోనే వచ్చాడు. నాన్న కాళ్ళ దగ్గర కూలబడి, మావా అని ఒక్కసారి పిలిచి, తల దించుకుని ఏడ్చాడు. వచ్చిన చుట్టాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్దావిడ ఒకరు అమ్మ పక్కకి జరిగి, మీ ఆయనకి అప్పసెల్లెల్లు నేరు కదే, ఈ మేనల్లుడు ఎక్కడోడు, అని అడిగింది. అమ్మ అతని భుజం మీది కండువా వైపు చూసి చెప్పింది.

"నీటి వాటం సూసుకుని కలుపుకున్న వరసమ్మా ఇది."